1988 బెజవాడ: కర్ఫ్యూకి ముందు జరగాల్సిన మాటలు

బెజవాడ పెద్దవాళ్ళని 1988 డిసెంబరు గురించి అడగండి, కర్ఫ్యూతోనే మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ కథ అంతకుముందే మొదలైందనిపిస్తుంది.

విజయవాడ తూర్పు ఎమ్మెల్యే వంగవీటి మోహనరంగా తనకి ప్రాణభయం ఉంది, రక్షణ కావాలంటూ నిరాహారదీక్షకి కూర్చున్నారు. డిసెంబరు 26 తెల్లవారుజామున ఆ శిబిరంలోనే ఆయన్ని చంపేశారు. ఇక ఊరు తగలబడింది. దుకాణాలు, బస్సులు, సినిమా హాళ్ళు... గొడవలు పక్క జిల్లాలకీ పాకాయి. పదుల మంది చనిపోయారు. హత్యతో ఏ సంబంధమూ లేనివాళ్ళు కులం పేరుతో నష్టపోయారు. హత్య వెనక రాజకీయం జోలికి నేను పోను, ఆ వాదన ఎప్పటికీ తెగదు.

నేననేది వేరే. మన భాషలో చెప్పాలంటే, ఆ దీక్షే ఒక అలర్ట్. సర్వర్ పడిపోయాక రీస్టార్ట్ చేయడం అందరికీ వచ్చు. అలర్ట్ వచ్చినప్పుడు పట్టించుకోవడమే అసలు పని.

మన చట్టం చూడండి. గుంపు చేరితే ముందు చెదిరిపొమ్మని ఆదేశించాలి, వినకపోతే బలప్రయోగం. అప్పట్లో సీఆర్‌పీసీ 129వ సెక్షను, 2024 జులై నుంచి బీఎన్ఎస్ఎస్ 148. నంబరు మారింది గానీ, మధ్యలో "మాట్లాడి చూడు" అనే మెట్టు ఇప్పటికీ లేదు.

చిత్రమేంటంటే, అదే 1988లో అమెరికాలోని మెంఫిస్ పోలీసులు ఆ మెట్టు కట్టడం మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాది, మతి స్థిమితం లేని ఒకతను కత్తి పట్టుకుని ఉంటే పోలీసులు కాల్చి చంపారు. ఊరు గగ్గోలు పెట్టింది. దాంతో కొందరు పోలీసులకి 40 గంటల శిక్షణ మొదలైంది: దూరంగా నిలబడు, గొంతు తగ్గించు, ఎదుటివాడు చెప్పేది విను, తొందరపడకు.

ఒక మనిషికి నచ్చజెప్పడం వేరు, గుంపు వేరు అంటారా? నిజమే. స్వీడన్‌లో 2001 గోటెబోర్గ్ అల్లర్ల తర్వాత దానికీ దారి వెతికారు. నిరసనకారులతో ముందూ, జరుగుతున్నప్పుడూ, తర్వాతా మాట్లాడటమే పనిగా "సంభాషణ పోలీసులు" వచ్చారు.

రాళ్ళు పడుతున్నప్పుడు మాటలు పనిచేయవు, ఒప్పుకుంటాను. అందుకే ముందు మాట్లాడాలి. పేటపేటకీ జనం ఎరిగిన ఒక ఎస్సై ఉంటే, పుకారు పుట్టిన గంటలో జనం ఆయన్నే అడుగుతారు. పరేడ్‌కి ఇచ్చే సమయంలో కొంత దీనికి ఇస్తే పోయేదేముంది? మీరేమంటారు?