నిర్మల్ మర్రి, జోడేఘాట్ గుట్ట

న్యాయమంటే అల్లా ఆజ్ఞా, జనం మాటా అని మా ఇళ్లల్లో వాదన లేస్తే పెద్దలు కితాబులు ముందు పెడతారు. మేము ఆదిలాబాద్ చరిత్రను ముందు పెడుతున్నాం.

1860లో నిర్మల్‌లో రాంజీ గోండుతోపాటు రోహిల్లాలనూ ఉరితీశారు. ఆ చెట్టును జనం వెయ్యి ఉరుల మర్రి అన్నారు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ను నిజాం పోలీసులు కాల్చి చంపారు. వాళ్లను నడిపించింది తాలూక్‌దార్ అబ్దుల్ సత్తార్. రోహిల్లాలదీ, తాలూక్‌దార్‌దీ ఒకే కలిమా. వాళ్లు గోండుల పక్కన ఉరికెక్కారు. ఇతను గోండుల మీదికి తుపాకులు తెచ్చాడు. దేవుడి పేరు ఎత్తితే చాలదు, ఎవరి పక్క నిలబడ్డామన్నదే లెక్క.

పోనీ, జనం మాటే న్యాయమా? 2008 అక్టోబరులో భైంసా అల్లర్ల వెంటే వటోలిలో ఒకే ముస్లిం కుటుంబంలో ఆరుగురిని సజీవంగా కాల్చేశారు. లోకమంతా చేతులెత్తి ఒప్పన్నా అది ఒప్పవుతుందా?

ఈ ప్రశ్న పాతదే. వెయ్యేళ్ల కిందటే బస్రా, బగ్దాద్‌లలో ముతజిలాలు మంచిచెడ్డలు మనిషి బుద్ధికి అందుతాయన్నారు. అల్లా ఆజ్ఞాపించిందే మంచి అన్నారు అషరీలు. ఎవరి మాట పట్టుకున్నా ఒకటి తప్పదు: సొంతవాళ్లకు ఎదురైనా సరే న్యాయానికే సాక్షులుగా నిలవమంటుంది ఖురాన్‌లోని నిసా సూరా.

మమ్మల్ని నిజాం వారసులనేవాళ్లకు మా జవాబూ అదే. సత్తార్ చేసింది తప్పని మేమే ముందు చెబుతాం. అప్పుడే వటోలి గురించి నిలదీసే నోరు మాకుంటుంది. మర్రికి వేలాడిన రోహిల్లాలు మావాళ్లు. జోడేఘాట్‌లో ఒరిగిన భీమ్ కూడా మావాడే.