ప్రచార రూపాలు, రాజకీయ శ్రోతలు (ఉత్తరాంధ్ర)

ఒక ప్రచార రూపం వైపు ఏ రాజకీయ వర్గం మొగ్గుతుందన్నది విషయంతో పాటు ఖర్చు, చదువు, తీరిక, గుంపుగా వినే అలవాటు మీద కూడా ఆధారపడుతుంది. విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న ఉత్తరాంధ్రలో ఇది స్పష్టంగా కనబడుతుంది.

బుర్రకథకు కావలసింది ముగ్గురు మనుషులు, తంబుర, డక్కీలు. పొలం పని ముగిశాక ఊరంతా కూర్చుంటుంది. అక్షరం రానివారికీ కథ అందుతుంది. పైగా వంత పాడే ఇద్దరిలో ఒకరు నవ్విస్తే, రెండో వారు కథను ఆపి నేటి రాజకీయం మాట్లాడతారు. పురాణకథ మధ్యలో భూమి శిస్తు గురించి చెప్పడానికి కళారూపంలోనే చోటుందన్నమాట. 1943లో ఏర్పడిన వామపక్ష సాంస్కృతిక సంస్థ ప్రజానాట్యమండలి దీన్ని చేపట్టింది అందుకే. ఆ సంస్థ బుర్రకథకుడు నాజర్ గొంతు రైతుకూలీలను వామపక్ష సభలకు రప్పించింది.

ఉత్తరాంధ్రలో ఈ పని జముకు వాద్యంతో చెప్పే జముకుల కథ చేసింది. శ్రీకాకుళ గిరిజన రైతాంగ పోరాటంలో విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి దాన్నే ఆయుధం చేసుకుని, 1969లో ప్రాణం ఇచ్చారు. తర్వాత జానపద కవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు పాట అదే శ్రోతలను చేరింది.

దినపత్రిక దారి వేరు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఈనాడు పొద్దున్నే గుమ్మం చేరి చదువరులను కూడగట్టింది. 1983 ఎన్నికల్లో తెలుగుదేశానికి గట్టిగా తోడు నిలిచింది.

అయితే రూపానికి పుట్టుకతో పార్టీ ఉండదు. కుటుంబ నియంత్రణ ప్రచారానికి ప్రభుత్వమూ బుర్రకథనే వాడుకుంది.