వీడియో ఆటలలో వృక్ష నమూనాల తయారీ

వీడియో ఆటలలో కనిపించే అడవులు, తోటలు, ఊళ్ళ కోసం చెట్లను కంప్యూటరుపై త్రిమితీయ రూపంలో నిర్మించే పనిని వృక్ష నమూనాల తయారీ (ట్రీ మోడలింగ్) అంటారు. ఇది రెండు విధాలుగా జరుగుతుంది. కొన్ని సూత్రాలను అనుసరించి సాఫ్టువేరే చెట్టును పెంచడం మొదటిది. కళాకారుడు కాండాన్ని, కొమ్మలను, ఆకుల గుత్తులను తానే చేతితో తీర్చిదిద్దడం రెండవది. సిద్ధంగా లభించే నమూనాలలో ఓక్, బీచ్, పైన్ వంటి శీతల దేశాల వృక్షాలే ఎక్కువ. అందువలన వేప, చింత, మర్రి వంటి దక్కను వృక్షాలు తెరపై సహజంగా కనిపించాలంటే ఇప్పటికీ చేతిపని అవసరమవుతోంది.

నేపథ్యం

మొక్కల పెరుగుదలను గణిత సూత్రాలలో వర్ణించే ఎల్-సిస్టమ్స్ పద్ధతిని హంగరీలో జన్మించిన జీవశాస్త్రవేత్త అరిస్టిడ్ లిండెన్‌మేయర్ 1968లో ప్రతిపాదించాడు. 1995లో వెబర్, పెన్ అనే ఇద్దరు పరిశోధకులు కొన్ని కొలతలను మార్చుతూ రకరకాల చెట్లను సృష్టించే విధానాన్ని ప్రచురించారు. ఉచితంగా లభించే బ్లెండర్ సాఫ్టువేరులోని సాప్లింగ్ అనే ఉపకరణానికి ఇదే ఆధారం. 2002లో వెలువడిన స్పీడ్‌ట్రీ ఆటల పరిశ్రమలో విస్తృతంగా వ్యాపించింది. 2006లో విడుదలైన ఆబ్లివియన్ అనే ఆటలోని అడవులు దీనితో చేసినవే. 2021లో ఈ సాఫ్టువేరును యూనిటీ సంస్థ కొనుగోలు చేసింది.

తయారీ విధానం

మొదటి పని పరిశీలన. కళాకారుడు అసలు చెట్టును అన్ని వైపుల నుండి, దూరం నుండి, దగ్గర నుండి ఫొటోలు తీసుకుంటాడు. బెరడును, రాలిన ఆకులను విడిగా చిత్రిస్తాడు. తరువాత కాండాన్ని ఒక గొట్టం వలె నిర్మించి, పైకి పోయేకొద్దీ సన్నగా చేసి, కొమ్మలను అతుకుతాడు. కొమ్మ చీలినప్పుడు పిల్ల కొమ్మల అడ్డుకోత వైశాల్యాల మొత్తం తల్లి కొమ్మ వైశాల్యానికి దాదాపు సమానంగా ఉంటుందని లియొనార్డో డా విన్సీ గమనించాడు. ఈ నియమం ప్రతి చెట్టుకూ కచ్చితంగా వర్తించదు. అయినా దీనిని పూర్తిగా విస్మరించిన చెట్టు చూపరులకు కర్రకు కర్ర గుచ్చినట్లు కనిపిస్తుంది.

అసలు చిక్కు ఆకులతో వస్తుంది. ఒక వేపచెట్టుకు పదివేల ఆకులు, ఒక్కొక్క ఆకుకు 25 చిరుపత్రాలు ఉన్నాయనుకుందాం. మొత్తం చిరుపత్రాలు రెండున్నర లక్షలు. ఒక్కొక్కదానికి రెండు త్రిభుజాల చొప్పున లెక్కించినా ఒక్క చెట్టుకు ఐదు లక్షల త్రిభుజాలు, వేయి చెట్ల తోపుకు 50 కోట్లు అవుతాయి. సెకనుకు 60 చిత్రాలు చూపే ఆటలో ఒక్కొక్క చిత్రాన్ని గీయడానికి కంప్యూటరుకు దొరికే వ్యవధి సుమారు 16.7 మిల్లీసెకన్లు మాత్రమే. అందుచేత ఒక చిన్న రెమ్మను మొత్తంగా చిత్రించి, ఆ బొమ్మను పలుచని పలకపై అతికించి, ఆకుల మధ్య ఖాళీలను పారదర్శకంగా ఉంచుతారు. ఈ పలకలను కార్డులు అంటారు. ఖాళీ భాగాన్ని గీయడానికి కూడా కంప్యూటరుకు శ్రమే కనుక కార్డు అంచులను ఆకుల ఆకారానికి దగ్గరగా కత్తిరిస్తారు.

ఆటగాడు దూరం జరిగేకొద్దీ అదే చెట్టుకు తక్కువ త్రిభుజాలున్న నమూనాలను వరుసగా చూపుతారు. చివరకు మిగిలేది చెట్టు బొమ్మ ఉన్న ఒకటి రెండు పలకలే. 2022లో వచ్చిన అన్‌రియల్ ఇంజిన్ 5 లోని నానైట్ విధానం ఈ శ్రమను కొంత తగ్గించింది. అయితే మొబైలు ఆటలలో పాత పద్ధతి తప్పడం లేదు.

దక్కను వృక్షాల ప్రత్యేకతలు

చింతాకులో చిరుపత్రాలు చాలా చిన్నవి, పది నుండి ఇరవై జతల వరకు ఉంటాయి. దూరం నుండి చూపడానికి బొమ్మను కుదించినప్పుడు ఈ సన్నని రూపాలు ఖాళీలలో కలిసిపోయి, గుబురుగా ఉండవలసిన చింతచెట్టు బోడిగా తేలుతుంది. దీనిని సరిచేయడానికి కుదించిన ప్రతి బొమ్మలోనూ ఆకు పరచుకున్న భాగం తగ్గకుండా సవరించాలి. పెద్ద ఆకులుగల మేపుల్ వంటి చెట్లకు ఈ బాధ తక్కువ. చింతాకులు రాత్రివేళ ముడుచుకుంటాయి కనుక రాత్రి దృశ్యాలకు వేరే కార్డులు చేయడం న్యాయం.

రావి ఆకుకు పొడవైన కాడ ఉంటుంది. చిన్న గాలికి కూడా ఆకు అల్లాడుతుంది. ఆటలలో గాలి కదలికను కాండం, కొమ్మ, ఆకు అనే మూడు స్థాయిలలో విడివిడిగా అమర్చుతారు. రావికి మూడవ స్థాయి కదలికను బాగా పెంచకపోతే అది రావిలా కనిపించదు. మోదుగ పూసే కాలంలో ఆకు దాదాపుగా ఉండదు, కనుక దానికి కనీసం రెండు నమూనాలు కావాలి. తాడి అన్నిటికంటే సులువు. ఒకే మాను, కొమ్మలు లేవు, విసనకర్ర వంటి ఆకులు.

అన్నిటికంటే కష్టమైనది మర్రి. చాలా సాఫ్టువేర్లు చెట్టు ఒక మొదలు నుండి చీలుతూ పోతుందని, చీలినది మళ్ళీ కలవదని భావించి పనిచేస్తాయి. మర్రి ఊడలు కొమ్మల నుండి దిగి, నేలను తాకి, లావెక్కి తామే మానులవుతాయి. ఏది మొదలో, ఏది కొసో తెలియదు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన, కదిరి సమీపంలోని తిమ్మమ్మ మర్రిమాను దీనికి మంచి ఉదాహరణ. ఇటువంటి చెట్టును సూత్రంతో పెంచడం కంటే ఒక్కొక్క ఊడనూ చేతితో దించడమే నయం. మహబూబ్‌నగర్ సమీపంలోని పిల్లలమర్రిని చెదలు దెబ్బతీయడంతో 2018లో కొమ్మలకు సెలైన్ సీసాల ద్వారా మందు ఎక్కించారు. ఆ కొమ్మల కింద ఆధారాలు నిలిపారు. అటువంటి చెట్టును ఉన్నదున్నట్లు చూపదలచిన వారు ఆ ఆధారాలను కూడా నిర్మించవలసి ఉంటుంది.

సూత్రం పట్టుకోలేనిది చెట్టు చరిత్ర కూడా. మేకల కోసం రెమ్మలు నరికిన వేప, కరెంటు తీగల కోసం ఒక వైపు కొట్టివేసిన కానుగ, చుట్టూ అరుగు కట్టిన రావి మన ఊళ్ళలో సర్వసాధారణం. అడవి చెట్టును తెచ్చి ఊరి నడుమ నిలబెడితే ఆ ఊరు ఏ దేశానిదో తెలియకుండా పోతుంది.

హైదరాబాదులో

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత హైటెక్ సిటీ చుట్టుపక్కల ఐటీ సంస్థలు విస్తరించాయి. యానిమేషన్, ఆటల రంగాలకు కూడా నగరం ఒక కేంద్రమైంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు ఇక్కడ స్టూడియో ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, ఆటల రంగానికి ఇమేజ్ విధానాన్ని ప్రకటించింది. భారత ఆటల రూపకర్తల సదస్సు 2022, 2023, 2024 సంవత్సరాలలో ఈ నగరంలోనే జరిగింది. భారతదేశంలో ఆటల చిత్రకళ పని చాలాకాలం విదేశీ సంస్థల కోసమే సాగింది. అటువంటి పనిలో ఏ చెట్టు కావాలో నిర్ణయించేది ఇక్కడి కళాకారుడు కాదు.

హైటెక్ సిటీకి ఈశాన్యంగా ఉన్న జీడిమెట్ల ప్రధానంగా పారిశ్రామికవాడగా ప్రసిద్ధి. దానికి సమీపంలోని దూలపల్లిలో రాష్ట్ర అటవీ అకాడమీ, కేంద్ర ప్రభుత్వానికి చెందిన అటవీ జీవవైవిధ్య సంస్థ ఉన్నాయి. ఈ ప్రాంతపు వృక్షజాతుల గురించిన శాస్త్రీయ సమాచారం కోరే విద్యార్థులకు ఇవి దగ్గరలో ఉన్న ఆధారాలు.