ఎర్రచెవి తాబేలు – పెంపకం

అమెరికాలోని మిసిసిపీ నదీ పరీవాహక ప్రాంతానికి చెందిన ఈ మంచినీటి తాబేలుకు కంటి వెనుక ఉండే ఎర్రని చార వల్ల ఆ పేరు వచ్చింది. అమ్మకానికి వచ్చేనాటికి అరచేతిలో ఇమిడే పిల్ల క్రమంగా 20 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు పెరిగి, 20 ఏళ్లకు పైగా జీవించగలదు కనుక చిన్న గాజుపాత్ర దానికి చాలదు. తొట్టిలో ఈదడానికి తగిన లోతు నీరు, ఆ నీటిని శుభ్రపరిచే ఫిల్టరు, ఒళ్లు ఆరబెట్టుకోవడానికి పొడి గట్టు, దానిపై వెచ్చదనమిచ్చే దీపం ఉండాలి. ఎండ గాని, అతినీలలోహిత-బి కిరణాలనిచ్చే దీపం గాని లేకపోతే శరీరంలో విటమిన్ డి3 తయారుకాక, కాల్షియం ఒంటబట్టక డిప్ప మెత్తబడుతుంది. విరేచనాలు కలిగించే సాల్మొనెల్లా అనే బాక్టీరియా వీటి ద్వారా పిల్లలకు సోకుతున్నందున, 4 అంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని అమెరికా 1975లో నిషేధించింది. చెరువుల్లో వదిలితే స్థానిక తాబేళ్ల ఆహారాన్ని, ఆవాసాన్ని ఆక్రమిస్తుంది కాబట్టి దీనిని బయట విడిచిపెట్టరాదు.