తిలాపాపంలో ఎవరి పిడికెడు ఎంత?

కలకత్తా తన చెరువుల్నీ చిత్తడి నేలల్నీ ఎలా పోగొట్టుకుందంటే తరచూ వినిపించే జవాబు ఒకటుంది: దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులు పూడ్చేశారని. అందులో కొంత నిజముంది. 1951 జనగణన నాటికే పశ్చిమ బెంగాల్‌లో సుమారు 21 లక్షల మంది శరణార్థులున్నారు. సియాల్దా ప్లాట్‌ఫారాల మీదా ప్రభుత్వ క్యాంపుల్లోనూ చోటు చాలనివాళ్లు జాదవ్‌పూర్, టాలీగంజ్ పక్కల ఖాళీ జాగాల్లో దిగిపోయారు. బిజయగఢ్ యుద్ధకాలపు మిలిటరీ క్యాంపులో వెలిసింది. ఆజాద్‌గఢ్ వంటివి ఆ వెనకే వచ్చాయి. ఈ జబర్‌దఖల్ (బలవంతపు ఆక్రమణ) కాలనీలవాళ్లు గుంటలు పూడ్చి గుడిసెలు వేసుకున్న మాటా నిజమే. కానీ వాళ్లకు చిక్కినవి ఎక్కువగా ఊరు వద్దని వదిలేసిన పల్లపు జాగాలు. వాళ్ల విషయంలో 1951లో వచ్చిన చట్టం పేరులోనే పునరావాసం పక్కన ఖాళీ చేయించడం కూడా ఉంది. రేపు ఉంటామో లేదో తెలియనివాడు మురుగుకాలువ ఎందుకు కట్టుకుంటాడు?

అదే నగరానికి తూర్పున 1962లో సాల్ట్ లేక్ పూడిక మొదలైంది. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ సంకల్పం, యుగోస్లావియా కంపెనీ పనితనం. హుగ్లీ ఒండ్రును పైపుల్లో తెచ్చి చేపల చెరువుల్ని మెరక చేశారు. జనం ఒత్తిడి లేకుంటే ఆ పూడికే అక్కర్లేదు కదా అనవచ్చు. ఒత్తిడి నిజమే. అయితే ఆ ప్లాట్లు ప్రధానంగా డబ్బు కట్టగలిగిన మధ్యతరగతికి చేరాయి. జబర్‌దఖల్ కాలనీవాసి ఇల్లు వెతుక్కుంటూ పూడిస్తే ఆక్రమణ, సర్కారు నక్షా గీసి పూడిస్తే అభివృద్ధి.

ఇంతమంది శరణార్థుల్ని వేరేచోటికి పంపితే సరిపోయేదన్నది మరో వాదన. పంపి చూశారు కూడా. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు వాళ్లను బస్తర్, మల్కన్‌గిరి అడవులకు చేర్చింది. మన తెలుగు నేల సరిహద్దుకు ఆనుకునే ఉన్న ఆ నేలలో అడవి కొట్టి పొలాలు చేశారు. ఆ భారం ఆదివాసుల మీద పడింది. నష్టం తగ్గలేదు, చోటు మారిందంతే. అక్కడ ఇమడలేక 1978లో వేలమంది సుందర్‌బన్స్‌లోని మరిచ్‌ఝాపీ దీవికి తిరిగివచ్చారు. అది రిజర్వు అడవి అంటూ 1979 జనవరిలో దీవిని దిగ్బంధించి, మేలో ఖాళీ చేయించారు. ఆ దీవిలో మడ అడవిని అంతకుముందే కొట్టేసి కొబ్బరి తోట వేయించింది ప్రభుత్వమే.

తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ పిడికిళ్లు సమానం కావు. మనుషులు ఎక్కువైతే ప్రకృతి తరిగిపోతుందన్న సూత్రానికి కలకత్తా తూర్పు అంచే ఎదురుసాక్ష్యం. 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సార్ జాబితాకెక్కిన 12,500 హెక్టార్ల చిత్తడి నేల మనుషులు లేని చోటు కాదు. నగరపు మురుగునీటితో చేపలు పెంచి, కూరగాయలు పండించి బతికేవాళ్ల పనిచోటు. నీళ్లు ఉంటేనే వాళ్లకు కూడు, అందుకే పూడ్చేవాళ్లకు అడ్డం నిలిచారు. ఎందరు వచ్చారన్నదాని కంటే, వచ్చినవాళ్లకు నేల మీద ఏ హక్కు దక్కిందన్నదే ఆ నేల గతిని తేల్చింది.