ప్రాణాయామం, ఆక్సిజన్, ఓ తుమ్మెద

ప్రాణాయామం గురించి ఎవరు మాట్లాడినా మొదట వచ్చే మాట ఆక్సిజన్. ఆఫీసులో వెల్‌నెస్ వారం అని కాన్ఫరెన్స్ రూములో చాపలు పరిచి నేర్పేవాళ్ళూ అదే చెప్తారు, వాట్సాప్‌లో మా బాబాయి పంపించే మెసేజిల్లోనూ అదే ఉంటుంది. "గట్టిగా గాలి పీల్చండి, ఒంట్లో ప్రతి కణానికీ ఆక్సిజన్ నిండుతుంది." తమాషా ఏంటంటే, ఈ మాట నిలవదని కొలిచి చెప్పింది ఏ హేతువాదో, ఏ తెల్లదొరో కాదు. ఒక స్వామీజీ. అదీ 1930ల్లో.

ఆయన పేరు స్వామి కువలయానంద. అసలు పేరు జగన్నాథ గణేశ గుణే, 1883లో పుట్టారు. మాధవదాస్ మహరాజ్ అనే గురువు దగ్గర యోగం నేర్చుకున్నారు. నేర్చుకున్నవాడు ఊరుకోకుండా, ఇదంతా ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూడాలనుకున్నారు. బరోడాలో ఎక్స్‌రే యంత్రం ముందు నౌళి, ఉడ్డియానం చేయించి పొట్టలోపల ఏం జరుగుతోందో ఫొటోలు తీయించారు. 1924లో లోనావ్లాలో కైవల్యధామ అనే ఆశ్రమం పెట్టారు. అందులో ప్రయోగశాల ఉంది! అదే ఏడాది 'యోగ మీమాంస' అనే పత్రిక మొదలుపెట్టి, తమ ప్రయోగాల ఫలితాలు అందులో అచ్చువేశారు.

ప్రాణాయామం మీద ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. పీల్చే గాలినీ వదిలే గాలినీ పరీక్షించి చూస్తే, అంతే సమయం మామూలుగా ఊపిరి పీల్చినప్పటికన్నా ప్రాణాయామంలో ఒంటికి అందే ఆక్సిజన్ ఎక్కువేమీ కాదని తేలింది. కాస్త తక్కువే. ఆయన స్థానంలో ఇంకొకరుంటే ఆ కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఈయన మాత్రం ప్రాణాయామం విలువ ఆక్సిజన్‌లో లేదు, నరాల మీదా మనసు మీదా అది చూపే ప్రభావంలో వెతకండి అని రాసి పెట్టారు. తను నమ్మిన విద్య గురించే తనకి నచ్చని అంకె వస్తే దాచకుండా ప్రకటించడం మాటలు కాదు.

ఇందులో పెద్ద రహస్యం కూడా లేదు. కరోనా రోజుల్లో మనందరం వేలికి ఆక్సీమీటర్ పెట్టుకున్నవాళ్ళమే కదా. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చున్నా అది 97, 98 చూపిస్తుంది. నిండిన బిందెలో ఇంకెన్ని నీళ్ళు పోస్తాం? పైగా మరీ వేగంగా, గట్టిగా పీల్చి వదిలితే ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది. దాంతో మెదడుకి వెళ్ళే రక్తనాళాలు ముడుచుకుంటాయి, తల తిరుగుతుంది, వేళ్ళు జివ్వుమంటాయి. కొంతమంది దాన్నే "ఎనర్జీ వచ్చింది" అనుకుంటారు :)

ఆయన వెతకమన్నది ఒకచోటయితే, లోకం చూపు ఇంకోచోట పడింది. అందరికీ అద్భుతాలు కావాలి. 1935లో థెరీస్ బ్రాస్ అనే ఫ్రెంచి గుండె డాక్టరు ఈసీజీ యంత్రం మోసుకుంటూ మన దేశం వచ్చారు. యోగులు గుండె ఆపగలరా అన్నది ప్రశ్న. ఒకాయన దాదాపు ఆపేశాడనిపించే గీతలు కాగితం మీద పడ్డాయి, ఆ కథ దేశదేశాలు తిరిగింది. 1957లో వెంగర్, బాగ్చీ అనే ఇద్దరు అమెరికా నుంచి ఇంకా మంచి యంత్రాలతో వచ్చి, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న బి.కె. ఆనంద్‌తో కలిసి ఆ సంగతే తేల్చడానికి కూర్చున్నారు. 1961లో 'సర్క్యులేషన్' అనే పత్రికలో ఫలితాలు వచ్చాయి. పరీక్షించింది నలుగురిని. అందులో ముగ్గురు ఊపిరి బిగబట్టి, ఛాతీ పొట్ట కండరాలు బిగించేసరికి గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గింది. నాడి చేతికి అందలేదు, స్టెతస్కోపులో చప్పుడు వినపడలేదు. ఈసీజీలో మాత్రం గుండె తన పని తాను చేసుకుపోతూనే ఉంది. నాలుగో ఆయన మాత్రం నిజంగానే గుండె వేగం తగ్గించాడు.

వాళ్ళు మోసగాళ్ళని నేననను. నాడి అందలేదన్నది నిజమే. కానీ దాదాపు పాతికేళ్ళు అందరి దృష్టీ ఇలాంటి వాటి మీదే ఉండిపోయింది. గుండె ఆపితే మీకూ నాకూ ఒరిగేదేంటి? సోమవారం పొద్దున మీటింగులో పనికొస్తుందా?

పనికొచ్చే సంగతులు చాలా ఆలస్యంగా, ఏ ఆర్భాటం లేకుండా వచ్చాయి. 2001 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీకి చెందిన బెర్నార్డీ బృందం ఓ పేపరు వేసింది. ఆరోగ్యంగా ఉన్న 23 మందితో ఒకసారి లాటిన్‌లో మరియమ్మ జపం, ఒకసారి 'ఓం మణి పద్మే ఓం' అనిపించారు. రెండిట్లోనూ ఊపిరి నిమిషానికి సుమారు ఆరుకి దిగింది. ఎవరూ లెక్కపెట్టమనలేదు, ఆ మాటల పొడవే అంత. మన రక్తపోటులో సుమారు పది సెకన్లకోసారి లేచి పడే ఒక అల ఉంటుందని 1876లోనే మేయర్ అనే ఆయన గమనించాడు. ఊపిరి కూడా పది సెకన్లకోసారి అయితే రెండూ కలుస్తాయి, ఉయ్యాలని సరైన సమయంలో తోసినట్టు. రక్తపోటుని సర్దుబాటు చేసే వ్యవస్థ మరింత చురుగ్గా స్పందించిందని వాళ్ళు కొలిచారు. ఈ ఫలితం ఇటు మనవాళ్ళకీ అటు చర్చివాళ్ళకీ పూర్తిగా నచ్చదేమో, ఎందుకంటే ఇద్దరి మంత్రమూ ఒకేలా పనిచేసింది!

మరుసటి ఏడాది, 2002లో, స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా సంస్థలో వైట్స్‌బెర్గ్, లుండ్‌బెర్గ్ అనేవాళ్ళు ఇంకోటి చూశారు. ముక్కు చుట్టూ ఉన్న సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. అది రక్తనాళాలని సడలించే వాయువు, దాని మీద పని చేసినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. నోరు మూసుకుని 'మ్‌మ్‌మ్' అని గుంజారవం చేస్తే, మామూలుగా వదిలిన ఊపిరితో పోలిస్తే ముక్కులోంచి 15 రెట్లు ఎక్కువ నైట్రిక్ ఆక్సైడ్ వచ్చింది. ఆ కంపనానికి సైనస్‌లలో గాలి బాగా మారుతోందన్నమాట. సైనసైటిస్ నయమవుతుందని దీన్నిబట్టి అనుకోకూడదు, అది వేరే ప్రశ్న. కానీ 15వ శతాబ్దపు 'హఠయోగ ప్రదీపిక'లో స్వాత్మారాముడు చెప్పిన ఎనిమిది కుంభకాల్లో ఒకటైన భ్రామరి ఇదే కదా, తుమ్మెదలా ఝుంకారం చేయడం. ఆయనకి నైట్రిక్ ఆక్సైడ్ తెలుసని ఫార్వర్డ్ చేసేవాళ్ళకి ఒక మనవి: తెలీదు. ఆయన మనసులో పుట్టే ఆనందం గురించి చెప్పాడు, అంతే. అందులో తక్కువేం లేదు.

సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది కొత్త కాకపోవచ్చు. తెల్లవారుజామున మంద్రస్థాయిలో షడ్జం పట్టుకుని ఊపిరి అయిపోయేదాకా నిలబెట్టడం గొంతు కోసమే చేస్తారు. దాంతోపాటు ఊపిరీ నెమ్మదిస్తుంది, అడగకుండానే.

చేసి చూడాలనుకుంటే పెద్ద ఏర్పాట్లేం అక్కర్లేదు. నాలుగు లెక్కపెట్టేవరకు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేవరకు తుమ్మెదలా అంటూ వదలడం, ఓ ఐదు నిమిషాలు. తల తిరిగితే ఆపేయాలి. బీపీ మాత్రలు మాత్రం దీన్ని నమ్ముకుని మానకండి. ప్రాణాన్ని సింహాన్నో ఏనుగునో పులినో మచ్చిక చేసుకున్నట్టు నెమ్మదిగా లొంగదీసుకోవాలని, తొందరపడితే అది చేసేవాణ్ణే దెబ్బతీస్తుందని హఠయోగ ప్రదీపికే హెచ్చరిస్తుంది. ఎక్కిళ్ళు, ఆయాసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి అంటూ వరసగా జబ్బుల పేర్లూ ఇస్తుంది. మా బాబాయి మెసేజిల్లో ఆ శ్లోకం నాకింకా తగల్లేదు.