తలకు తగిన దిండు

కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలో జొన్నగిరి అనే గ్రామం ఉన్నది. తొలకరి వానలు పడగానే అక్కడి పొలాలలో వజ్రాల కోసం జనం వెతకటం అందరికీ తెలిసినదే. ఆ గ్రామానికి చేరువలోనే ఎర్రగుడి బండలమీద అశోక చక్రవర్తి శాసనాలు ఉన్నవి. అవి క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దికి చెందినవి. అశోకుడు ఆదరించిన బౌద్ధ సంఘానికి ఒక నియమావళి ఉండేది. దానికి వినయపిటకమని పేరు. భిక్షువు ఎట్లా తినాలో, ఎట్లా నడవాలో చెప్పిన ఆ గ్రంథం, అతని దిండు ఎట్లా ఉండాలో కూడా చెప్పింది. చెట్టు దూది, తీగ దూది, గడ్డి దూది - ఈ మూడు విధాల దూదినీ ఏకి దిండులో కూరుకోవచ్చును. ఐతే కొందరు భిక్షువులు సగం శరీరమంత పొడవైన దిండ్లు చేసుకోగా జనం ఆక్షేపించారు. అప్పుడు దిండు తల పరిమాణానికి మించరాదని కట్టడి ఏర్పడింది.

పసిపిల్లల పక్కకు ఇంటిలో దిండు కుట్టేవారు నేటికీ గుర్తుంచుకోవలసిన కట్టడి ఇదే. నాడు దానికి కారణం నిరాడంబరత్వం. నేడు శరీరశాస్త్రం చెప్పే కారణం వేరు. అది పిల్లవాని ఊపిరికి సంబంధించినది.

దిండు అంటే మెత్తనిదే అని మనం అనుకుంటాము. కాని ప్రాచీన ఈజిప్టు ప్రజలు కొయ్యతోను, రాతితోను చేసిన తలమోపులు వాడారు. చైనాలో పింగాణీ దిండ్లు శతాబ్దాల తరబడి వాడుకలో ఉండేవి. మన దేశంలో మెత్తని దిండు ఇంత సులభంగా ప్రతి ఇంటికీ రావటానికి కారణం పత్తి. బలూచిస్తానంలోని మెహర్‌గఢ్‌లో ఒక రాగిపూసలో చిక్కుకొని మిగిలిన పత్తిదారపు పోగులు ఏడువేల ఏండ్లకు పైబడినవని పరిశోధకులు తేల్చారు.

పత్తిగింజ పైపొరలోని ఒక్కొక్క జీవకణం పొడవుగా సాగి ఒక్కొక్క పోగు అవుతుంది. కాయ పగిలి ఎండ తగిలినప్పుడు లోపలి తేమ ఆరిపోయి, గొట్టం వంటి ఆ పోగు చదునై మెలితిరుగుతుంది. ఈ మెలికలవల్లనే పోగులు ఒకదానినొకటి పట్టుకొంటవి, నూలు వడకటానికి వీలవుతుంది. బూరుగు దూది ఇందుకు భిన్నమైనది. దాని పోగు నునుపైన బోలు గొట్టం. పైన మైనపు పూత వంటి పొర ఉంటుంది. అది మెలితిరగదు, నూలుకు పనికిరాదు. కాని తేలికగా ఉండి నీటిని పీల్చదు కాబట్టి, దిండ్లకే కాక ఒకప్పుడు నావికుల ప్రాణరక్షక కవచాలకు కూడా దానినే వాడేవారు.

పత్తికొండ, ఆలూరు, ఆదోని ప్రాంతాల నల్లరేగడిలో పండే పొట్టిపింజ నాటుపత్తిని మద్రాసు వర్తకులు బళ్లారి, అనంతపురం పత్తితో కలిపి ‘వెస్టర్న్స్’ అని పిలిచేవారు. 1861 నుంచి 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధం జరిగినప్పుడు ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి అందక, మన పత్తి ధర ఒక్కసారిగా పెరిగింది. 1871లో మద్రాసు రైలుమార్గం గుత్తి, ఆదోనిల మీదుగా రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. తరువాతి కాలంలో ఆదోని పత్తి బజారు, గింజ తీసే మిల్లులు ప్రసిద్ధికెక్కాయి.

నూలుకు పోగా మిగిలిన పొట్టి దూది, ముతక దూది ఇంటి దిండ్లలోకి పోయేది. ఇది దిండుకు లోపం కాదు. ముతకపోగు బిరుసుగా ఉండి, నొక్కి వదిలితే తిరిగి లేస్తుంది. ఐతే గింజ తీసిన దూది ముద్దలు ముద్దలుగా ఉంటుంది. దానిని విడదీసేవారు దూదేకులవారు. వారి పనిముట్టు పెద్ద విల్లు. దూదికుప్పలో వింటినారిని ఉంచి కొయ్యతో కొట్టితే, అది వేగంగా కంపించి ముద్దలను పోగులు పోగులుగా విడగొడుతుంది. రాయలసీమ గ్రామాలలో వారు విల్లు భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగేవారు. ఉండకట్టిన పాతదిండును విప్పి ఏకి ఇస్తే, అదే దూది మళ్లీ రెట్టింపు పొంగేది.

ఆ పొంగు ఏమిటి? గాలి. దీనిని లెక్కకట్టి చూడవచ్చును. రెండేండ్ల పిల్లవానికి 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల దిండు కుట్టి 200 గ్రాముల ఏకిన దూది కూరామనుకొందాము. సగటు మందం 3 సెంటీమీటర్ల పైచిలుకు వస్తే, దాని ఘనపరిమాణం సుమారు 4,000 ఘన సెంటీమీటర్లు. దూది పదార్థపు సాంద్రత సుమారు 1.5. అనగా 200 గ్రాముల దూది ఆక్రమించే చోటు 133 ఘన సెంటీమీటర్లు మాత్రమే. మిగిలిన 96 పాళ్లకు పైగా గాలే! విల్లు చేసే పనియల్లా పోగుల మధ్య గాలికి చోటివ్వటమే.

1941లో ఇంగ్లండులో పాలియెస్టరు పోగు కనుగొన్నారు. అది ఉండకట్టదు, తేలికగా ఉతుకవచ్చును. కాబట్టి క్రమంగా దిండ్లలోకి వచ్చింది. కాని సాధారణమైన గాలి తేమలో పత్తి తన బరువులో నూటికి 8 పాళ్ల తేమను పట్టుకొంటే, పాలియెస్టరు అరపాలైనా పట్టుకోలేదు. చెమట పట్టే తలకు ఈ భేదం తెలుస్తుంది. ఇక 2002లో బి.టి. పత్తికి మన దేశంలో అనుమతి లభించిన తరువాత పొట్టిపింజ నాటుపత్తి సాగు బాగా తగ్గిపోయింది.

ఇప్పుడు పిల్లవాని ఊపిరి సంగతి చూద్దాము. పుట్టిన శిశువు పొడవులో తల నాలుగోవంతు ఉంటుంది. పెద్దవారిలో అది ఎనిమిదోవంతుకు దగ్గరగా ఉంటుంది. పైగా శిశువు తల వెనుకభాగం ముందుకన్నా ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ తల కింద దిండు పెడితే మెడ వంగి గడ్డం రొమ్మును తాకుతుంది. మెత్తని చిన్న గాలిగొట్టం ఇరుకవుతుంది. బోర్లా తిరిగి ముఖం దిండులో కూరుకొంటే, విడిచిన గాలినే మళ్లీ పీలుస్తుంది. బొగ్గుపులుసు వాయువు పెరిగి ప్రాణవాయువు తగ్గుతుంది. తల తిప్పుకొనే బలం ఆ వయసులో ఉండదు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 1992లో శిశువులను బోర్లా పడుకోబెట్టవద్దని చెప్పింది. 1994 నుంచి వెల్లకిల పడుకోబెట్టమని దేశమంతటా ప్రచారం జరిగింది. తరువాతి పదేండ్లలో నిద్రలో హఠాత్తుగా చనిపోయే శిశువుల సంఖ్య సగానికి పైగా తగ్గింది. వదులుగా గుళికలు నింపిన శిశువుల మెత్తలను కూడా ఆ దేశం 1992లో నిషేధించింది.

అందుచేత ఏడాది నిండేవరకు శిశువుకు ఏ దిండూ అక్కరలేదు. ఆ తరువాత కూడా రెండేండ్లు వచ్చేదాకా ఆగితే మంచిది. తల గుండ్రంగా వస్తుందని ఆవాల దిండు పెట్టే అలవాటు మన ఇండ్లలో ఉన్నది. ప్రేమతో చేసే పనే, కాని దానికీ ఈ ప్రమాదం తప్పదు. కుట్టు విడితే ఆవాలు ముక్కులోకి పోవచ్చును కూడా. తల ఒకవైపు అణగకుండా ఉండాలంటే, పడుకోబెట్టినప్పుడల్లా తల ఒకే వైపు తిరగకుండా మార్చాలి. మేలుకొని ఉన్నప్పుడు దగ్గర కూర్చుండి బోర్లా వేసి ఆడించాలి.

వయసు వచ్చిన పిల్లవానికి దిండు కుట్టటం కష్టం కాదు. లోపలి సంచికి దట్టంగా నేసిన నూలుబట్ట కావాలి. పాతచీర మెత్తనిదే కాని పల్చబడి ఉంటుంది కాబట్టి రెండు పొరలు వేయాలి. బట్టను తిరగవేసి మూడువైపులా రెండేసి వరుసలు కుట్టి, సరివైపుకు తిప్పి, ఏకిన దూదిని కొంచెం కొంచెంగా మూలలనుంచి సర్ది నాలుగోవైపు మూయాలి. అరచేతితో నొక్కితే దిగి, వదలగానే లేవాలి. ముఖం కూరుకొనేంత మెత్తగా ఉండరాదు. పై గలీబుకు దుప్పటి బట్ట చాలును. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం అటువంటి బట్టకు పేరుపొందింది. గలీబుకు గుండీలు, నాడాలు పెట్టక, ఒక అంచు రెండవదాని లోపలికి పోయేటట్లు మడిచి కుట్టాలి. గుండీ ఊడితే నోటిలోకి పోతుంది, నాడా మెడకు చుట్టుకొంటుంది.

దిండును ఎండలో వేయటం పెద్దల ఆచారం. దీనికి ఆధారం 1960 తరువాత హాలండులోని లైడెన్ శాస్త్రజ్ఞుల పరిశోధనలలో దొరికింది. ఇంటి దుమ్మువల్ల వచ్చే ఉబ్బసానికి మూలం, కంటికి ఆనని ఒక రకం నల్లివంటి జీవి అని వారు చూపారు. అది తేమలేనిదే బ్రతుకలేదు. ఎండ దూదిలోని తేమను ఆర్చివేస్తుంది. గలీబును 60 డిగ్రీల వేడినీటిలో ఉతికితే మిగిలినవీ చస్తవి.

ఉపాధ్యాయులు పై లెక్కను తరగతిలో చేయించవచ్చును. ఒక గాజుపాత్రలో తూచిన దూదిని ఏకకముందు ఒకసారి, వ్రేళ్లతో విడదీసిన తరువాత ఒకసారి వేసి, అది ఎంత ఎత్తు వచ్చిందో కొలిపించండి. దూది బరువు మారదు. పెరిగినదంతా గాలియే. ఆ కొలతను బట్టి దిండులో దూది ఎంతో, గాలి ఎంతో విద్యార్థులే చెప్పగలరు. ఇంటిలో పసిబిడ్డ ఉన్నవారు, ఆ బిడ్డకు దిండు ఎప్పుడు పెట్టాలో కూడా ఇంటికి పోయి చెప్పగలరు.